గోడలాంటి బొమ్మలు: టాపియస్ గురించి నేను తరచూ వినే అపోహలు

రంగుల్లో ఇసుక, రాతిపొడి కలిపి బొమ్మలు వేస్తాను నేను. ఈ పద్ధతి నేర్చుకుంటామని వచ్చేవాళ్లకు ముందుగా ఆంటొని టాపియస్ (1923–2012) చిత్రాలు చూపిస్తాను. స్పెయిన్‌లో సొంత భాష, సంస్కృతి ఉన్న కాటలోనియా ప్రాంతపు నగరం బార్సిలోనాకు చెందిన కాటలాన్ కళాకారుడాయన. చూపించిన ప్రతిసారీ ఇంచుమించు అవే మాటలు వినబడతాయి.

అపోహ: బొమ్మ గీయడం చేతకాక ఇలాంటివి వేశారు.

వాస్తవం: 1940లలో ఆయన గీసుకున్న స్వీయచిత్రాలు వెతికి చూడండి. కళ్లు, చేతులు ఎంత శ్రద్ధగా గీశారో తెలుస్తుంది. కుర్రతనంలో ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడినప్పుడు వాన్ గో, పికాసో బొమ్మలు చూసి గీస్తూ చేతికి సాధన ఇచ్చుకున్నారు. తర్వాత లా చదువులో చేరి, చిత్రకళ కోసం మధ్యలోనే వదిలేశారు. 1948లో కవి జోన్ బ్రోసా తదితరులతో కలిసి ‘దావు అల్ సెట్’ బృందం పెట్టారు. అప్పటి చిత్రాలన్నీ కలల్లాంటి ఆకారాలే. నైరూప్యం, అంటే గుర్తుపట్టగల రూపాలు లేని చిత్రకళ (abstract), ఆ తర్వాత వచ్చింది.

అపోహ: ఇసుకా మట్టీ పూస్తే చాలు, ఎవరైనా వేయొచ్చు.

వాస్తవం: నాకు బాగా బాధ కలిగించే మాట ఇది. పాలరాతి పొడిని రంగుతో, బంకతో కలిపి చూడండి. బంక తగ్గితే ఎండాక పొడిగా రాలిపోతుంది. ఎక్కువైతే ప్లాస్టిక్ మెరుపు వచ్చి రాతిగుణం పోతుంది. మందంగా పెడితే పైపొర ముందే ఎండిపోయి, లోపలి తడి ఆరేకొద్దీ పగుళ్లిస్తుంది. సరిగ్గా బిగించని కాన్వాస్ ఆ బరువుకి కుంగిపోతుంది. వీటన్నిటికంటే కష్టం సమయం పట్టుకోవడం. గీత తొందరగా పెడితే అంచులు మళ్లీ మూసుకుంటాయి, ఆలస్యమైతే పెళ్లలు ఊడతాయి. టాపియస్ చిత్రాల్లో కనిపించే గాట్లు, గీరిన అక్షరాలు, చేతిముద్రలు ఆ కాస్త వ్యవధిలో తీసుకున్న నిర్ణయాలు. తర్వాత దిద్దుకోవడానికి పెద్దగా వీలుండదు. 1958లో వెనిస్ బియెనాలె అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ఆయనకు యునెస్కో బహుమతి వచ్చిందంటే ఈ పనితనం చూసే.

అపోహ: నైరూప్య చిత్రకారులకు లోకం గోల పట్టదు.

వాస్తవం: 1936–39 స్పెయిన్ అంతర్యుద్ధం నాటికి ఆయన బడి పిల్లవాడు. బార్సిలోనా గోడల మీద రాతలు, దెబ్బల గుర్తులు చూస్తూ పెరిగారు. ఆయన బొమ్మల్లోని గోడలు అక్కడివే. ఆ యుద్ధంలో గెలిచి గద్దెనెక్కిన నియంత ఫ్రాంకో ప్రభుత్వం విదేశాల్లో తాను ఆధునికమని చూపించుకోవడానికి నైరూప్య చిత్రాలనే వాడుకుంది. స్వదేశంలో మాత్రం కాటలాన్ భాషను అణచివేసింది. 1966లో కపూచిన్ క్రైస్తవ సన్యాసుల మఠంలో విద్యార్థుల రహస్య సమావేశానికి వెళ్లినందుకు టాపియస్‌ను అరెస్టు చేసి జరిమానా వేశారు. 1971లో ‘కాటలాన్ ఆత్మ’ వేశారు. కాటలాన్ జెండాలోలా పసుపు నేల మీద నాలుగు ఎర్రచారలు, నెత్తుటి మరకల్లాంటి ముద్రలు, గీరి రాసిన స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం లాంటి కాటలాన్ మాటలు. ఫ్రాంకో ఇంకా గద్దె మీదే ఉన్నాడు. అలాంటి రోజుల్లో ఆ చిత్రం వేయడానికి ఎంత గుండె కావాలి! 1974లో ఫ్రాంకోను ఎదిరించిన సాల్వదోర్ పుయిగ్ ఆంటిక్ అనే యువకుడికి మరణశిక్ష అమలు చేసినప్పుడు ‘హంతకులు’ పేరుతో లిథోగ్రాఫ్‌లు (రాతిపలక మీద గీసి అచ్చువేసే బొమ్మలు) చేశారు.

అపోహ: శిలువలున్నాయి కాబట్టి ఇవి మతచిత్రాలు.

వాస్తవం: ఆ గుర్తుకు ఆయన ఒకే అర్థం కట్టిపెట్టలేదు. కూడిక గుర్తు కావచ్చు, కొట్టివేత కావచ్చు, తన పేరులోని, భార్య తెరెసా పేరులోని మొదటి అక్షరం T కావచ్చు. జెన్ అనే బౌద్ధ శాఖ ఆలోచన కూడా ఆయన్ను బాగా లాగింది.

ఇంకొక మాట. ఫొటోలో చూసి ఈ చిత్రాలు నచ్చలేదనకండి. ఫొటో మందాన్ని మింగేస్తుంది. బార్సిలోనా వెళ్లే వీలుంటే ఆయన స్థాపించిన ఫౌండేషన్‌కు వెళ్లండి. పాత ప్రచురణ సంస్థ భవనంలో 1990లో తెరిచారు, పైకప్పు మీద తీగలతో అల్లిన మేఘం, కుర్చీ ఉంటాయి, ఇట్టే గుర్తుపట్టొచ్చు. లోపల చిత్రానికి ఎదురుగా కాకుండా ఓ పక్కకు నిలబడి, వెలుతురు ఏటవాలుగా పడే చోటు నుంచి చూడండి.