డోసర్ తిరుగుతూనే ఉంది, కేహెచ్ మాత్రం నిలవదు

మే నెల మధ్యలో ఒక ఆదివారం పొద్దున్నే పటమట నుంచి ఫోను. "అన్నయ్యా, సంపులో పాలు పోసినట్టుంది. డోసర్ పోయింది. కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్నాడు మిత్రుడు. పెట్టకు, వస్తున్నా అని బండి తీశాను. వెళ్లి చూస్తే నిజమే, పగడాల ట్యాంకు కింద ఉండే సంపు పల్చటి మజ్జిగలా తెల్లగా ఉంది. డోసర్, అంటే పగడాలకు కావాల్సిన ద్రావణాలను కొంచెం కొంచెంగా నీళ్లలోకి వదిలే చిన్న పంపు, మాత్రం పచ్చ లైటు వెలిగించుకుని బుద్ధిమంతురాలిలా గోడకి వేలాడుతోంది.

ముందు రాత్రి ఈదురుగాలికి ఐదు గంటలు కరెంటు లేదట. ఫ్యానుతోపాటు డోసర్ కూడా ఇన్వర్టర్ లైను మీద ఉంది. సంపులోంచి నీళ్లు పైకి తోసే రిటర్న్ పంపు మాత్రం మామూలు లైను మీద ఉంది. అది ఆగిపోయింది, ఇది ఆగలేదు. కదలకుండా నిలబడ్డ నీళ్లలో గంటగంటకీ కాల్షియం ద్రావణం ఒక పక్క, సోడా ద్రావణం ఒక పక్క పడుతూనే ఉన్నాయి. రెండూ కలిసి సుద్ద అయిపోయాయి. డోసర్ తనకు చెప్పిన పని చేసింది, అంతే.

బెజవాడలో నాకు తెలిసి సముద్రపు ట్యాంకు పెట్టుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఎవరింటికి వెళ్లినా వినపడేది మాత్రం ఒకటే మాట: "డోసర్ పెట్టాం, అయినా కేహెచ్ నిలవట్లేదు." కేహెచ్ అంటే నీటిలో పగడానికి కావాల్సిన కార్బొనేట్ ఏ పాటి ఉందో చెప్పే కొలత. అది పడిపోతే కంపెనీని తిడతారు, యాప్‌ని తిడతారు. ఆ పంపు ఏ పనికి పుట్టిందో, మన ట్యాంకు దగ్గరికి ఎలా చేరిందో చూస్తే మనం తిట్టాల్సింది వాటిని కాదనిపిస్తుంది నాకు.

మొదట పగడం సంగతి. అది కట్టుకునేది సున్నపురాయి ఇల్లు. చుట్టూ ఉన్న నీటిలోంచి కాల్షియాన్నీ కార్బొనేట్‌నీ లాక్కుని ఎముకలా పేర్చుకుంటుంది. సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు 410 నుంచి 420 మిల్లీగ్రాములు. ఆల్కలినిటీ, అంటే మనవాళ్లు కేహెచ్ అనేది, 7 చిల్లర. మెగ్నీషియం 1,300 దగ్గర. సముద్రానికి ఈ ఖర్చు ఒక లెక్కా? అదే మన గదిలోని 300 లీటర్లలో అయితే పగడాలు బాగా పెరిగేకొద్దీ కేహెచ్ రోజుకు 1 చొప్పున జారిపోవడం మామూలే. కేహెచ్ 1 తగ్గిన ప్రతిసారీ కాల్షియం లీటరుకు 7 మిల్లీగ్రాములు తగ్గుతుంది. పగడం ఆ రెంటినీ ఎప్పుడూ అదే జోడీగా వాడుకుంటుంది కాబట్టి ఈ లెక్క మారదు.

ఇంట్లో పగడాలు బతికించిన తొలితరంలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ పేరు చెప్పుకోవాలి. 1961లో ఆయన తన పద్ధతిని రాసి ప్రచురించాడు. సముద్రపు నీళ్లు, ప్రాణమున్న రాళ్లు (సూక్ష్మజీవులు కాపురముండే దిబ్బ రాళ్లు), గాలి బుడగలు, అంతే. పగడాల దిబ్బలున్న సముద్రం పక్కన ఉన్న మనిషికి అది చెల్లింది. మనకు సూర్యలంక, మంగినపూడి దగ్గరే ఉన్నాయి కదా, క్యాన్లలో తెచ్చుకుందాం అని అడిగేవాళ్లున్నారు. కృష్ణమ్మ తెచ్చే మంచినీళ్లూ ఒండ్రూ కలిసే ఒడ్డు అది. పగడాలు అక్కడ దిబ్బ కట్టకపోవడానికి కారణమే అది. మనకు ఆర్‌వో నీళ్లు, సాల్ట్ ప్యాకెట్టే గతి.

1970ల్లో పీటర్ విల్కెన్స్ యూరప్ హాబీవాళ్లకు ఒక చిట్కా అలవాటు చేశాడు. ఆవిరైన నీళ్లకు బదులు పోసే నీళ్లలో సున్నం కలిపి తేట పోయమన్నాడు. దానికి జర్మన్ పేరు కాల్క్‌వాసర్. ఇప్పటికీ హాబీలో అందరూ ఆ పేరే పలుకుతారు, ఏదో విదేశీ మందులా. అది మన సున్నపు తేటే. పిడుగురాళ్ల బట్టీల పక్కన పెరిగినవాడికి దీని గురించి కొత్తగా చెప్పేదేముంది? లీటరు నీళ్లలో గ్రామున్నర పైచిలుకు కరుగుతుంది, మిగతాది అడుక్కి దిగుతుంది. గాలి తగిలితే పైన తెల్లటి తరక కడుతుంది. పీహెచ్ 12 దాటుతుంది కాబట్టి ఒక్కసారి గుమ్మరిస్తే ఆ చోట నీళ్లు సుద్ద అవుతాయి, పగడాలు కాలిపోతాయి. అందుకే చుక్కచుక్కగా పోయాలి. నేను మొదలుపెట్టిన రోజుల్లో మందుల షాపులో సెలైన్ సెట్టు కొని, మినరల్ వాటర్ బాటిల్‌కి తగిలించి, ఆ చిన్న చక్రం తిప్పుతూ నిమిషానికి ఎన్ని చుక్కలో గోడ గడియారం చూసి లెక్కపెట్టేవాణ్ని. మా అమ్మ చూసి "ట్యాంకుకి జ్వరమా" అనేది.

చుక్కలు లెక్కపెట్టడం ఓపికుంటే కుదురుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. సున్నపు తేట ఎంత పోయగలం అన్నది ఎంత నీరు ఆవిరైంది అన్నదాని మీదే ఆధారపడుతుంది. 100 లీటర్ల ట్యాంకులో కేహెచ్ 1 పూడ్చాలంటే లీటరుకు కాస్త తక్కువ తేట కావాలి. రోహిణి కార్తెలో అన్ని నీళ్లు ఆవిరైపోతాయి, ఇబ్బంది లేదు. శ్రావణంలో గాలంతా తేమ. ఆవిరి తగ్గుతుంది, పోసే తేటా తగ్గుతుంది, పగడం ఆకలి మాత్రం తగ్గదు. ఎక్కువ పోస్తే ఉప్పు పలచబడుతుంది. మన ఊరి వాతావరణంలో సున్నపు తేట ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎండాకాలం ఒక ట్యాంకు, వానాకాలం ఒక ట్యాంకు అన్నట్టుంటుంది.

ఇక 1980ల్లో బెర్లిన్‌లో డీట్రిష్ స్టూబర్ అక్రోపోరా అనే గట్టి పగడం కొమ్మలను ఇంటి ట్యాంకులో పెంచి, విరిచి, తోటివాళ్లకు పంచాడు. ఆ కొమ్మల పిల్లలు, మనవలు దేశాలు దాటాయి. మెత్తటి పగడాలు పెంచినన్నాళ్లూ ఎవరికీ పెద్దగా కాల్షియం కొరత రాలేదు. నీళ్లు మారిస్తే సరిపోయేది. కొమ్మల పగడాలు వచ్చాకే రోజూ పోయాల్సిన అవసరం మొదలైంది. మన దగ్గర ఇంకో సంగతి చూసుకోవాలి. మన దేశపు సముద్రాల్లోని గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో సమానంగా. మన్నార్ నుంచి తెచ్చాను, చవగ్గా ఇస్తాను అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. కాగితాలు చూపించలేని కొమ్మ ఇంట్లో ఉంచుకోకూడదు.

1990ల్లో హాన్స్ వెర్నర్ బాలింగ్ అనే జర్మన్ దారి మార్చాడు. కాల్షియం క్లోరైడ్ ఒక సీసాలో, వంటసోడా ఇంకో సీసాలో. రెండూ పనిచేశాక మిగిలేది మామూలు ఉప్పు కాబట్టి, దాన్ని సర్దడానికి సోడియం క్లోరైడ్ లేని లవణాలు మూడో సీసాలో. అమెరికాలో ఇదే పద్ధతి రెండు సీసాల మందుగా అమ్మకానికి వచ్చింది. 2006లో రాండీ హోమ్స్ ఫార్లీ అనే కెమిస్టు, కంపెనీ సీసాలు కొనక్కర్లేదు, వంటసోడా, రోడ్ల మీద మంచు కరిగించడానికి చల్లే కాల్షియం క్లోరైడ్ చాలు అని కొలతలతో సహా రాసి అందరికీ ఇచ్చేశాడు. హాబీకి అంత మేలు చేసిన వ్యాసం ఇంకోటి ఉందని నేననుకోను.

మన కొలతల్లో చెప్పాలంటే: లీటరు ఆర్‌వో నీళ్లలో 80 గ్రాముల వంటసోడా. ఇంకో లీటరులో 70 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్. అప్పుడు రెండూ సమపాళ్లలో సరిపోతాయి. 100 లీటర్ల ట్యాంకులో కేహెచ్ 1 పెరగాలంటే ఒక్కోటి 37 మిల్లీలీటర్ల చిల్లర పోయాలి. రోజుకు 1కి మించి పెంచకూడదు. కాల్షియం క్లోరైడ్ కలిపేటప్పుడు గిన్నె వేడెక్కుతుంది, కంగారుపడొద్దు. మూత సరిగ్గా పెట్టకపోతే మన వానాకాలంలో ప్యాకెట్‌లోనే నీరైపోతుంది. చెరువుల మందుల షాపుల్లో దొరికే రొయ్యల మినరల్ మిక్సులు మాత్రం దీనికి పనికిరావు, వాటిలో ఇంకా ఏమేం కలుస్తాయో మన చేతిలో ఉండదు.

చూశారుగా, ఇక్కడే మన గొడవకి మూలం ఉంది. పగడానికి రెండూ ఒకేసారి కావాలి, కానీ ఆ రెంటినీ ఒకే సీసాలో పెట్టలేం. కలిపితే సుద్ద. అంటే రెండు సీసాలు, రెండు దారులు, రెండు వేళలు, జీవితాంతం. ఇది మనిషి చేతికి కుదిరే పని కాదు. అప్పుడు హాబీవాళ్ల కన్ను ఆసుపత్రి మీద పడింది.

గొంతులో ముద్ద ఎలా దిగుతుంది? వెనక నుంచి నొక్కుకుంటూ ముందుకు. పెరిస్టాల్టిక్ పంపు సూత్రం అదే. మెత్తటి ట్యూబును రోలర్లు నొక్కుతూ తిరుగుతాయి, ఆ నొక్కు ముందున్న ద్రవం కదులుతుంది. 1881లో అమెరికాలో యూజీన్ అలెన్ అనే ఆయన రక్తం ఎక్కించడం కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1930ల్లో, ఆ తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గుండె డాక్టర్ మైకేల్ డిబేకీ దాన్ని మెరుగుపరిచాడు. 1953 మేలో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్ లంగ్ మిషన్ మీద పేషెంటును ఉంచి గుండె ఆపరేషన్ చేసి బతికించినప్పుడు, రక్తాన్ని తిప్పింది రోలర్ పంపులే. ఈనాటి డయాలసిస్ మిషన్ ముందు గుండ్రంగా తిరిగేదీ అదే. ద్రవానికి తగిలేది ట్యూబు ఒక్కటే, లోపల వాల్వులు లేవు, తుప్పు పట్టే ఇనుము లేదు. రక్తానికి అది ఎంత మంచిదో ఉప్పు ద్రావణానికీ అంతే మంచిది. ఆసుపత్రులు తీసేసిన పాత పంపులను కొని అమెరికాలో కొందరు ట్యాంకులకు తగిలించారు. తర్వాత హాబీ కోసమే తయారైనవి వచ్చాయి. 2010ల నుంచి చైనాలో చేసిన నాలుగు హెడ్ల డోసర్లు (ఒక్కో ద్రావణానికి ఒక్కో రోలర్ పంపు, దాన్నే హెడ్ అంటారు) చవకయ్యాక మనదాకా వచ్చాయి.

పంపు వచ్చింది కానీ, ఆసుపత్రిలో దాని చుట్టూ ఉండే క్రమశిక్షణ దాంతో రాలేదు.

పటమట ఇంటికి మళ్లీ వస్తాను. సంపు సగం నీళ్లు మార్చి, డోసర్ ప్లగ్గును రిటర్న్ పంపు ఉన్న బోర్డుకే మార్చాం. ఇక ఆగితే రెండూ ఆగుతాయి. ఈ మార్పుతో ఒక చిక్కుంది. లోపల బ్యాటరీ లేని డోసర్లకి కరెంటు పోయొస్తే గడియారం రాత్రి పన్నెండు నుంచి మొదలవుతుంది, కాబట్టి ప్రతిసారీ టైము చూసుకోవాలి. అంతా అయ్యాక మిత్రుడి నోట్‌బుక్ అడిగాను. మార్చిలో కేహెచ్ 8. ఏప్రిల్ చివరికి 6.4. ప్రతి వారం యాప్‌లో డోసు కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చాడు. పగడాలు పెరుగుతున్నాయి, తిండి పెరుగుతోంది అనుకున్నాడట.

సోడా హెడ్ పైపు తీసి కొలత గ్లాసులో పెట్టి 10 మిల్లీలీటర్లు అడిగాం. 7 వచ్చాయి. మళ్లీ అడిగాం. 7. హెడ్ మూత విప్పితే తెలిసింది. ట్యూబు గుండ్రంగా లేదు, తొక్కిన గోధుమ గడ్డిలా చదునుగా అణిగిపోయింది. రోలర్ వెళ్లిపోయాక మళ్లీ పొంగాలి, అప్పుడే లోపలికి పీల్చుకుంటుంది. పొంగట్లేదు. ఒక పక్క వెంట్రుకంత పగులు, దాని వెంబడి తెల్లటి పొడి. వేలితో నొక్కితే గోడలు అతుక్కుని ఉండిపోయాయి. కొని మూడేళ్లయింది, ఒక్కసారి కూడా మార్చలేదు.

లోపల వంటింట్లోంచి వాళ్లావిడ వచ్చి చూసింది. ఆమె ఒక ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్. ట్యూబు చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పింది. "అన్నయ్యగారూ, మా దగ్గర ప్రతి సెట్టుకీ తేదీ ఉంటుంది. ఎన్నిసార్లు వాడామో రాస్తాం. దీని మీద ఏం రాసుంది?" అంది. మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

కొత్త ట్యూబు ఎక్కించాం. సిలికాన్ కాదు, ఎక్కువకాలం పొంగు నిలిచే సాంటోప్రీన్ రకం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కొత్త ట్యూబు పూర్తి 10 ఇస్తుంది. పాత ట్యూబు తక్కువిస్తోందని పెంచిన డోసు యాప్‌లో అలాగే ఉంటే, ఆ రాత్రి నుంచే ట్యాంకులోకి దాదాపు ఒకటిన్నర రెట్లు సోడా వెళ్తుంది. ట్యూబు మార్చాక పగడాలు చచ్చిపోయాయి అనేవాళ్ల కథ వెనక ఎక్కువగా ఇదే ఉంటుంది. అందుకని ముందు పైపులో గాలంతా పోయేదాకా తిప్పి, గ్లాసులో కొలిచి, క్యాలిబ్రేషన్ సరిచేసి, డోసును మార్చి నెల నాటి అంకెకు దించాం. పైపు చివర నీళ్లలో మునిగి ఉంటే రెండంగుళాలు పైకి లేపి కట్టాం. మునిగి ఉండి, సీసా ఎత్తులో ఉండి, ట్యూబు అరిగితే సీసా మొత్తం సైఫన్ అయి దిగిపోతుంది. సోడా పైపునీ కాల్షియం పైపునీ సంపులో చెరో మూలకి జరిపాం. డోసులకి మధ్య అరగంట ఎడం పెట్టాం. 

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఆవిడ బ్యాగులోంచి మైక్రోపోర్ టేపు తెచ్చింది. చిన్న ముక్కలు చించి, ఒక్కోదాని మీద బాల్‌పెన్నుతో తేదీ రాసి హెడ్‌కొకటి అంటించింది. నాలుగో హెడ్‌కి పైపే లేదమ్మా, అది ఖాళీ అన్నాను.

"తెలుసు అన్నయ్యగారూ. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి తగిలిస్తారుగా" అని దానికీ అంటించింది.