"ఇంట్లో ఎవరుంటే మీకెందుకు సిస్టర్?" - పెద్దవాళ్లు, లంగ్ క్యాన్సర్: అపోహలు, వాస్తవాలు

గుంటూరులో కీమో డే కేర్ వార్డులో (క్యాన్సర్ మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికెళ్లే చోటు) పదహారేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. కొత్త పేషెంటు రాగానే బీపీ, బరువు చూసి, ఫైలు తెరిచి నేను అడిగే మొదటి మాట ఒకటే: "ఇంట్లో మీతో ఎవరుంటారు?" చాలామందికి ఇది నచ్చదు. మొన్న ఒక పెద్దాయన కొడుకు ముఖం మీదే అన్నాడు: "మందు మీరు ఎక్కిస్తారు, డబ్బు నేను కడతాను. ఇంట్లో ఎవరుంటే మీకెందుకు సిస్టర్?" వారానికి ఒకరైనా ఇలాగే అంటున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: వైద్యం జరిగేది ఆసుపత్రిలో. ఇంట్లో తోడు ఉంటే మంచిదే గానీ, దానికీ జబ్బుకీ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. ఒకసారి కీమో ఎక్కాక మళ్లీ ఎక్కించేదాకా సైకిల్ అంటాం. 21 రోజుల సైకిల్‌లో పేషెంటు మా దగ్గర ఉండేది ఒక పూట. మిగతా ఇరవై రోజులు ఇంట్లోనే. ప్రమాదం వచ్చేదీ ఆ ఇరవై రోజుల్లోనే. కీమో ఎక్కాక సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా రక్తంలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటిందంటే మాత్ర వేసుకుని పడుకునే జ్వరం కాదది. వెంటనే ఆసుపత్రికి రావాలి, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. డెబ్భై దాటినవాళ్లకి కొన్నిసార్లు ఒళ్లు కూడా పెద్దగా కాలదు. మత్తుగా పడుకుంటారు, మాట తడబడుతుంది, అన్నం వద్దంటారు, అంతే. తన మాట తడబడుతోందని ఒంటరి మనిషి తనంతట తను ఎలా గుర్తుపడతాడు?

తెనాలి నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చేవారు. 74 ఏళ్లు, భార్య పోయి నాలుగేళ్లు. "మాస్టారూ, తోడు ఎవరొచ్చారండీ?" అంటే, "మావాడు కింద బండి పెడుతున్నాడమ్మా" అనేవారు. మొదటిసారీ అదే మాట, రెండోసారీ అదే మాట. మూడోసారి మందు ఎక్కించే సూది (క్యాన్యులా) పెట్టి, మందు తేవడానికి కిందికి వెళ్తూ పార్కింగ్ వైపు చూశాను. ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి ఆయన నిద్రపోతున్నారు. చొక్కా జేబులోంచి తెనాలి ప్యాసింజర్ టికెట్ పైకి కనబడుతోంది, ఒకటే టికెట్. లేచాక అడిగితే, "వాడు బెంగళూరులో ఉంటాడు. చెబితే టెన్షన్ పడతాడమ్మా, సెలవు దొరకదు" అన్నారు. ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక నేను అక్కడితో ఊరుకున్నాను. కొడుకు నంబరు తీసుకుని ఆ రోజే ఫోన్ చేయాల్సింది. అది నా తప్పు. ఇప్పటికీ మనసులో అలాగే ఉంది.

తొమ్మిదో రోజు రాత్రి జ్వరం వచ్చింది. డోలో వేసుకుని పడుకున్నారు. మర్నాడూ అంతే. మూడో రోజు పొద్దున, నిన్నటి పాల ప్యాకెట్టు గుమ్మం ముందే ఉండటం చూసి పాలబ్బాయి పక్కింటివాళ్లను పిలిచాడు. మా దగ్గరికి తెచ్చేసరికి బీపీ పడిపోయి ఉంది. పదకొండు రోజులు ఐసీయూ. ప్రాణం దక్కింది గానీ, మళ్లీ సొంతంగా నడవలేకపోయారు. ఆ స్థితిలో కీమో ఇవ్వలేం, ఆపేశారు. అంతకుముందు తీసిన స్కాన్‌లో గడ్డ సగానికి తగ్గింది. మందు పనిచేస్తోంది. థర్మామీటరు పెట్టి చూసే మనిషే లేడు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో 2004-2008 మధ్య రకరకాల క్యాన్సర్లు బయటపడిన 7 లక్షల 34 వేల మంది రికార్డులు చూసి 2013లో లెక్క ప్రచురించారు. అందులో లంగ్ క్యాన్సర్ కూడా ఉంది. వివాహబంధంలో ఉన్నవాళ్లు క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం సుమారు 20 శాతం తక్కువగా కనిపించింది. జబ్బు ముదరకముందే డాక్టరు దగ్గరికి రావడం, పూర్తి వైద్యం చేయించుకోవడం వాళ్లలోనే ఎక్కువ. అక్కడే జరిగిన ఇంకో పరిశీలనలో ముదిరిన క్యాన్సర్లు ఉన్న 766 మందిని తీసుకున్నారు. ఎప్పటికప్పుడు తమ లక్షణాలు నమోదు చేస్తూ, తేడా వస్తే నర్సుకు వెంటనే తెలిసేలా ఏర్పాటున్నవాళ్లలో మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికారని అర్థం) 31 నెలలు, మిగతావాళ్లలో 26. ఆ ఫలితం 2017లో వచ్చింది. మన ఇళ్లల్లో పెద్దవాళ్ల లక్షణం మాకు చేరవేసేది ఎవరు? పక్కనున్న మనిషే. మాస్టారిలాంటివాళ్లు తమంతట తాము చచ్చినా చెప్పరు.

ప్రేమగా చూసుకుంటే గడ్డ కరుగుతుందని నేననడం లేదు. కరగదు. కరిగించే మందు మధ్యలో ఆగిపోకుండా చూసేది తోడు.

తోడంటే ఆదివారం పది మంది చుట్టాలు బత్తాయిలు పట్టుకొచ్చి, "మా వియ్యంకుడికీ ఇలాగే అయింది, మూడు నెలలు కూడా లేడు" అని చెప్పి వెళ్లడం కాదు. ఒక్క మనిషి చాలు. ఈ పూట జ్వరం ఎంతో, ఏ మాత్ర అయిపోయిందో, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిన మనిషి. కొడుకే కానక్కర్లేదు. విజయవాడ పటమటలో ఒంటరిగా ఉండే ఒకావిడకి అదే అపార్ట్‌మెంట్‌లోని నలుగురు ఆడవాళ్లు వంతులేసుకున్నారు. ఫ్రిజ్ మీద క్యాలెండర్ కాగితం అంటించి, పొద్దున ఎవరు, రాత్రి ఎవరు అని పేర్లు రాశారు, పక్కనే టెంపరేచర్ గడి. ఆవిడ ఆ కాగితమే ఫైల్లో పెట్టుకుని వచ్చేది. ఆరు సైకిల్స్ ఒక్కటి కూడా వాయిదా పడలేదు. ఖర్చు సంగతి అడగడానికి ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకం చూసే వైద్య మిత్ర ఉన్నాడు (ఆ పథకాన్ని అందరూ ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుస్తున్నారు, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ). తోడు సంగతి మాత్రం ఇంటివాళ్లే చూడాలి. నిజంగా ఎవరూ లేకపోతే ఆ మాట మాకు చెప్పండి, దాచకండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది.

దూరాన ఉన్న పిల్లలకు ఒక్క మాట. రాత్రి ఫోన్ చేసి "తిన్నావా నాన్నా?" అంటే "తిన్నాన్రా" అనే వస్తుంది. "థర్మామీటరు పెట్టుకో, నేను లైన్లోనే ఉంటాను" అనండి.

అపోహ: పేరు చెబితే గుండె ఆగిపోతుంది, పెద్దాయనకి చెప్పకండి.

వాస్తవం: బయట అంత పెద్ద అక్షరాలతో క్యాన్సర్ అని బోర్డు ఉంది, ఆయనకి చదువు వచ్చు. మీరు బయటికెళ్లగానే నన్ను అడుగుతారు, "ఇంట్లో వాళ్లకి నాకు తెలిసినట్టు చెప్పకమ్మా" అని. మీరు ఆయన కోసం దాస్తారు, ఆయన మీ కోసం దాస్తారు. నలుగురున్న ఇంట్లో కూడా ఆయన ఒంటరే. భయంతోనే దాస్తారని నాకు తెలుసు, తప్పు పట్టను. ఎలా చెప్పాలో తెలియకపోతే డాక్టరుగారిని అడగండి, మీతో కూర్చుని నెమ్మదిగా చెబుతారు.

అపోహ: డెబ్భై దాటాక కీమో దండగ.

వాస్తవం: చూడాల్సింది వయసు కాదు, ఓపిక. ఫ్రాన్స్‌లో 70 నుంచి 89 ఏళ్ల లంగ్ క్యాన్సర్ పేషెంట్లకు ఒకే మందు, రెండు మందులు ఇచ్చి పోల్చారు. 2011లో వచ్చిన ఫలితం: మధ్యస్థ ఆయుష్షు ఒకే మందుతో 6.2 నెలలు, రెండు మందులతో 10.3 నెలలు. రెండు మందులతో ఇబ్బందులూ ఎక్కువే వచ్చాయి, అందుకే ఇంట్లో ఎవరుంటారని అడిగేది. కొందరికి జన్యు పరీక్షలో మార్పు కనబడితే మాత్రలతోనే వైద్యం నడుస్తుంది.

అపోహ: అంటుకుంటుంది.

వాస్తవం: అంటుకోదు. ఆ వేరే కంచం, వేరే గ్లాసు తీసేయండి. మనవడిని ఒళ్లో కూర్చోనివ్వండి. కీమో అయిన రెండు రోజులు వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకుంటే చాలు.

అపోహ: పాలియేటివ్ (నొప్పి, ఆయాసం, దిగులు లాంటి బాధలు తగ్గించే వైద్యం) అంటే చేతులెత్తేయడం.

వాస్తవం: కాదు. ముదిరిన లంగ్ క్యాన్సర్‌లో దాన్ని మొదటి నుంచే వైద్యంతో పాటు ఇస్తే దిగులు తగ్గింది, ఆయుష్షు కూడా పెరిగింది: 8.9 నెలల చోట 11.6. అమెరికాలో 2010లోనే తేలిన విషయం.

బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తే క్యాన్సర్ పాకుతుందని, లక్ష్మణ ఫలంతో నయమవుతుందని వాట్సాప్‌లో వచ్చేవి నాకు పంపకండి. బయాప్సీ లేకుండా ఏ మందు ఇవ్వాలో తేల్చలేం. లక్ష్మణ ఫలం పండు, మందు కాదు.

ఇంకొకటి. తోడుగా వచ్చే భార్యకి కూడా చాలాసార్లు అరవై దాటి ఉంటుంది, మోకాళ్ల నొప్పులుంటాయి. అందుకే ఆయన బీపీ చూశాక ఆవిడది కూడా చూస్తాను. పోయిన నెల ఒకావిడకి 190/110 ఉంది. మాత్రలు అయిపోయి మూడు వారాలట. "ఆయన కీమోలు అయ్యాక నాది చూసుకుంటాలే అమ్మా" అంది. ఆయనకి సెలైన్ పెట్టి, ఆవిడ్ని చెయ్యి పట్టుకుని ఓపీకి తీసుకెళ్లాను.