'కనబడలేదు' అని కూడా రాయండి

విశాఖపట్నం

చిరంజీవులకు ఆశీస్సులు.

మన ఊళ్లో ఏ ప్రాణి ఎక్కడుందో పటం గీస్తామని బయల్దేరారట. సంతోషం. కానీ పిట్ట కనబడ్డచోటల్లా చుక్క పెట్టుకుంటూ పోతే తయారయ్యేది ప్రాణుల పటం కాదు, మీరు తిరిగిన దారుల పటం. బీచ్ రోడ్డు పొడవునా చుక్కలే చుక్కలు, కంబాలకొండ అడవి లోపల ఒక్కటీ ఉండదు.

అందుకని ముందు గళ్లు గీయండి. ఒక్కో గడి కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు. కొండ, గెడ్డ, జీడితోట, ఇసుక, బస్తీ అన్నీ వచ్చేలా ఓ ఇరవై గళ్లు ఏరుకోండి. ఆటో వెళ్తుంది కదా అని మాత్రం ఏ గడినీ ఏరుకోవద్దు. ఒక్కో గడిలో గంటసేపు వెతకండి. పిట్టల కోసమైతే తెల్లారగానే వెళ్లాలి, ఎండెక్కాక అవి సద్దుమణుగుతాయి. తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర గడియారం పనికిరాదు. పోటు తీసి నీళ్లు వెనక్కెళ్లినప్పుడే మడుగుల్లో పీతలూ నత్తలూ కనిపిస్తాయి. పెద్దవాళ్లు తోడు లేకుండా అక్కడ దిగొద్దు.

పుస్తకంలో పేరు, తేదీ, వేళ, చోటు, ఎంతసేపు వెతికారో రాయండి. ఏ కొంగో తేల్చుకోలేకపోతే 'కొంగ' అని ఊరుకోండి. ఊహించి రాసిన పేరు కంటే అదే నయం.

తప్పులెక్కువ దొర్లేది చోటు దగ్గరే. ఫోన్ 17.7142, 83.3235 లాంటి అంకెలు చూపిస్తుంది. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం, రెండూ డిగ్రీల్లో. దశాంశ చుక్క తర్వాత నాలుగు అంకెలూ రాసుకోండి. నాలుగో అంకె ఒకటి మారితే తేడా 11 మీటర్లే, మొదటి అంకె మారితే దాదాపు 11 కిలోమీటర్లు. 17 డిగ్రీల 42 నిమిషాలంటే 17.42 కాదు. నిమిషాల్ని 60తో భాగించాలి, 17.70 అవుతుంది. భాగించడం మరిచారో, మీ ఉడుత బంగాళాఖాతంలో తేలుతుంది. అక్షాంశం, రేఖాంశం తారుమారు చేస్తే ఏకంగా ఆర్కిటిక్ మంచులోకే పోతుంది. ఇలాంటివి చూడగానే దొరికిపోతాయి లెండి. పక్క గడిలో పడిన చుక్కే ప్రమాదం, దాన్ని ఎవరూ అనుమానించరు.

ఇక అసలు సంగతి. గంట వెతికినా కనబడకపోతే 'కనబడలేదు' అని రాయాలి. అసలు వెళ్లని గడిని ఖాళీగా వదలాలి. రెండూ ఒకటి కావు. కనబడనంత మాత్రాన లేదనీ కాదు. గడిలో ఉండి కూడా రెండుసార్లకోసారే కంటపడే పిట్ట, నాలుగుసార్లు వెళ్లినా తప్పించుకునే అవకాశం 16లో 1. ఒక్కసారే వెళ్తే 2లో 1. అందుకే ప్రతి గడికీ కనీసం నాలుగుసార్లు వెళ్లమనేది. కలివి కోడిని చూడండి: 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో దొరికింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట, పగలు వెతికితే ఏం దొరుకుతుంది?

పటం తయారయ్యాక ఏ గళ్లని ముందు కాపాడాలి? ఎక్కువ రకాలున్నవాటినే అంటారు మీరు. ఆగండి. ఒక గడిలో 12 రకాలు, రెండోదాంట్లో 11, మూడోదాంట్లో 3 ఉన్నాయనుకుందాం. రెండు గళ్లకే వీలుంది. రెండోదాంట్లోని 11 రకాలూ మొదటిదాంట్లో ఉన్నవే, మూడోదాంట్లోని మూడూ మరెక్కడా లేనివి. మొదటిదీ మూడోదీ తీసుకుంటే 15 రకాలు దక్కుతాయి. మొదటి రెండూ తీసుకుంటే 12తోనే సరి. చూడ్డానికి బోసిగా ఉన్న ఇసుకదిబ్బని పనికిరాని నేల అనేసేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

ఒక జాగ్రత్త. నక్షత్ర తాబేలు కంటపడితే ఆ చోటు ఎవరికీ పంపొద్దు, వాటిని పట్టి అమ్ముకునేవాళ్లున్నారు. చూసిన ప్రాణుల్ని నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్ ముప్పులో ఉన్న ప్రాణుల అసలు చోటు దాచి, సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది. మీ ఫోన్ అలా దాచదు, ఫొటోలోనే ఆ అంకెలు ఉండిపోవచ్చు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసి, చోటు పుస్తకంలోనే రాసుకోండి.

మొదటి నాలుగు గళ్ల పుస్తకాలు నాకు పంపండి. ఒక్క 'కనబడలేదు' కూడా లేని పుస్తకాన్ని మాత్రం వెనక్కి తిప్పి పంపేస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య