లైబ్రరీ ఉంది, కానీ బిల్డ్‌కి దొరకదు: అపోహలు - వాస్తవాలు

లైనక్స్‌లో సీ, సీ ప్లస్ ప్లస్ బిల్డ్‌లు (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చడం) చూసుకోవడం నా పని. ఆ ప్రోగ్రాంలు వాడుకునే రెడీమేడ్ కోడే లైబ్రరీ. ‘లైబ్రరీ దొరకట్లేదు’ అని ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: దొరకలేదన్నది ఎవరు? కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలరా, ఆ ముక్కల్ని లైబ్రరీలతో కలిపే లింకరా, ప్రోగ్రాం నడిపే లోడరా? ముగ్గురూ వేర్వేరు చోట్ల వెతుకుతారు.

అపోహ: ఇన్‌స్టాల్ చేశాక కూడా దొరకలేదంటే సిస్టం పాడైనట్టే.

వాస్తవం: ఉబుంటు 22.04లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంగతే చూడండి. సిస్టంలో ముందే ఉండే ఫైలు ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌ఓ డాట్ 3’. తయారైన ప్రోగ్రాం నడవడానికి అది చాలు. లింకర్ మాత్రం చివర 3 లేని పేరు కోసం చూస్తుంది. ఆ పేరుతో ఉండే సిమ్‌లింక్ (అసలు ఫైలుని చూపించే షార్ట్‌కట్), కంపైలర్‌కి కావాల్సిన హెడర్ ఫైళ్లు ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్’ ప్యాకేజీలో వస్తాయి. ఫెడోరాలో దాని పేరు ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్’. సిమ్‌లింక్ చేత్తో పెట్టేయకండి, హెడర్లు ఎలాగూ రావు.

అపోహ: ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: అది ప్రోగ్రాం నడిచేటప్పుడు లోడర్ చూసే దారి. స్మాల్ ఎల్ ఆప్షన్‌తో అడిగిన లైబ్రరీని లింకర్ అక్కడ వెతకదు, దానికి క్యాపిటల్ ఎల్ ఆప్షన్‌తో ఫోల్డర్ చెప్పాలి. యూఎస్‌ఆర్ లోకల్‌లో కొత్త లైబ్రరీ పెట్టాక లోడర్ జాబితాని తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్‌ని సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపడం మర్చిపోకండి.

అపోహ: బిల్డ్‌కి ఏర్పాట్లు చేసిపెట్టే సీమేక్‌కి లైబ్రరీ కొత్త దారి ఇస్తే అదే తీసుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ టైం తినేది ఇదే. మా టీమ్‌లో ఒకబ్బాయి కంప్రెషన్ లైబ్రరీ జెడ్‌లిబ్‌ని కొత్త ఫోల్డర్‌లోకి మార్చి, పాతది తీసేసి, సీమేక్ ఎక్కడ వెతకాలో చెప్పే ప్రిఫిక్స్ పాత్ సరిగ్గానే ఇచ్చాడు. కాన్ఫిగర్ బాగానే అయింది. తర్వాత అసలు బిల్డ్ చేసే మేక్ మాత్రం ‘నో రూల్ టు మేక్ టార్గెట్’ అని పాత ఫోల్డర్ పేరు చూపిస్తోంది. సాయంత్రం దాకా మేక్‌ఫైల్‌లోనే వెతికాడు పాపం. ఇద్దరం కూర్చుని బిల్డ్ ఫోల్డర్‌లోని సీమేక్‌క్యాష్ ఫైలు తెరిచి ‘జెడ్‌లిబ్’ అని వెతికితే, లైబ్రరీ లైన్‌లో పాత దారే ఉంది. ఒకసారి దొరికిన దారిని సీమేక్ అక్కడ రాసి పెట్టుకుంటుంది, మళ్లీ వెతకదు. ఆ ఫైలు తీసేసి మళ్లీ కాన్ఫిగర్ చేస్తే రెండు నిమిషాల్లో బిల్డ్ అయింది. సీమేక్ 3.24 నుంచి ‘ఫ్రెష్’ ఆప్షన్ కూడా ఉంది, అదీ క్యాష్‌ని తీసేసి మొదలుపెడుతుంది.

అపోహ: ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అన్నా లైబ్రరీ దొరకలేదనే.

వాస్తవం: దొరక్కపోతే లింకర్ ‘కెనాట్ ఫైండ్’ అంటుంది. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ వేరు, మీ కోడ్ పిలిచిన ఫంక్షన్ దొరకలేదని. లైబ్రరీ పేరు అసలు ఇవ్వలేదేమో, లేదా వరుస తప్పిందేమో చూడండి. స్టాటిక్ లైబ్రరీ (ప్రోగ్రాంలోనే కలిసిపోయేది) లోంచి లింకర్ అప్పటిదాకా అవసరమైన వాటినే తీసుకుంటుంది కాబట్టి, మీ ఆబ్జెక్ట్ ఫైళ్ల (కంపైలర్ తయారుచేసిన ముక్కల) తర్వాతే లైబ్రరీ పేరు రావాలి.

ఇంకొకటి. ఎర్రర్ పంపేటప్పుడు చివరి లైన్ ఒక్కటే ఫొటో తీసి పంపకండి. ‘కెనాట్ ఫైండ్’కి పైన ‘స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్’ అని ఉంటే లైబ్రరీ కనబడింది, కానీ పనికిరాలేదని. 64 బిట్ బిల్డ్‌కి 32 బిట్ ఫైలు ఎదురైతే ఇలాగే వస్తుంది.