సేవా సంస్థల్లో పని భద్రత: అపోహలు – వాస్తవాలు

ఫ్యాక్టరీలో ప్రమాదం ఎక్కడుందో ఎవరూ వేలు పెట్టి చూపించక్కర్లేదు, తిరిగే యంత్రమే చెబుతుంది. సేవా సంస్థలో అలా కాదు. విరాళంగా వచ్చిన అట్టపెట్టెలు, బ్యానరు కట్టడానికి తెచ్చిన నిచ్చెన, హాలు కడిగే బ్లీచింగ్ ద్రావణం, వైద్య శిబిరంలో సూదులు, రాత్రి సామాను దింపి తిరిగొచ్చే వ్యాను... విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టదు. పైగా ఈ పనులు చేసేవాళ్లు ప్రతిసారీ మారిపోతుంటారు. ఏ కార్యక్రమం తీసుకున్నా అక్కడ కొందరికి అదే మొదటి రోజు. దానికి తోడు మొహమాటం: సాయం చేద్దామని వచ్చిన మనిషి "ఇది నావల్ల కాదు" అనలేడు. కింది అపోహల్లో చాలావాటికి మూలం ఈ రెండే.

అపోహ: జీతం తీసుకునేవాళ్లకే భద్రతా నియమాలు. వాలంటీర్లు ఇష్టపడి వచ్చినవాళ్లు, ఫారం మీద సంతకం కూడా పెట్టారు.

వృత్తి భద్రత, ఆరోగ్యంపై అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ఐ.ఎస్.ఓ. 45001 ప్రమాణం ప్రకారం, సంస్థ అదుపులో పనిచేసే ప్రతి వ్యక్తీ పనివాడే. జీతం ఉన్నా లేకపోయినా తేడా లేదు. చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి. కానీ "ఏం జరిగినా నాదే బాధ్యత" అని రాయించుకున్న కాగితం చాలాచోట్ల సంస్థ నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చదు. బ్రిటన్‌లోనైతే, నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోయినా గాయపడినా ఆ బాధ్యతను ఒప్పందంతో గానీ నోటీసుతో గానీ తప్పించుకోవడం కుదరదని 1977 నాటి చట్టమే చెబుతోంది. సంతకాలు తీసుకునే బల్ల దగ్గరే ఆ పది నిమిషాలూ ఇంకో పనికి వాడొచ్చు. బయటికి వెళ్లే దారులు ఎక్కడ, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ, ఈ షిఫ్టుకి భద్రత చూసే మనిషి ఎవరు, ఏ వస్తువుని ముట్టుకోకూడదు, చేయలేని పని అప్పగిస్తే ఎవరికి చెప్పాలి. ఈ అయిదూ చెప్పాలి. చివరిదాన్ని సంస్థే ముందు నోరు తెరిచి చెప్పకపోతే ఎవరూ అడగరు. భద్రత చూసే మనిషి అంటే "కమిటీ" కాదు, ఒక పేరు, ఒక ఫోన్ నంబరు.

అపోహ: నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తితే చాలు.

ఈ ఒక్క ముక్కనీ పోస్టరుగా గోడకి అంటించి చేతులు దులుపుకునే సంస్థలు చాలా ఉన్నాయి. మోకాళ్లు వంచడం మంచిదే. కానీ నడుం మీద పడే భారం ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుంది: బరువు ఒంటికి ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తు నుంచి ఎత్తుతున్నాం, ఎన్నిసార్లు ఎత్తుతున్నాం.

అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు పరిమితి 23 కిలోలు. అన్నీ అనుకూలం అంటే చీలమండల నుంచి చేతుల పట్టు 25 సెంటీమీటర్ల దూరంలో, నేలకి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పట్టు గట్టిగా దొరకాలి, ఒళ్లు మెలితిప్పకూడదు, అదీ అప్పుడప్పుడూ ఎత్తేదై ఉండాలి. అదే పెట్టె 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకి పడిపోతుంది. దగ్గరగానే ఉన్నా నేల మీంచి ఎత్తితే 18 కిలోల లోపే. దూరం, నేల రెండూ కలిస్తే దాదాపు 9 కిలోలు. మోకాళ్లు ఎంత చక్కగా వంచినా, పెద్ద పెట్టె మోకాళ్ల మధ్య పట్టక ముందుకి జరిగిందంటే ఈ చివరి లెక్కే వర్తిస్తుంది.

ఇప్పుడు పుస్తకాల విరాళం సంగతి చూడండి. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తున్న పెట్టెని అంచుదాకా పుస్తకాలతో నింపితే పాతిక కిలోల దాకా తూగుతుంది. ఇచ్చేవాళ్లు ఉన్న పెట్టెల్లో అన్నిటికన్నా పెద్దది చూసి మరీ నింపుతారు. కాబట్టి మార్చాల్సింది వాలంటీరు నడుం కాదు, పెట్టె. విరాళం అడిగే ప్రకటనలోనే "పుస్తకాలు చిన్న పెట్టెల్లో, ఒక్కోటి 10 కిలోలు దాటకుండా" అని రాయండి. వచ్చిన ప్రతి పెట్టెనీ తూచి, బరువుని పెద్ద అంకెలతో పక్కన రాయండి. దింపుకునేది నేల మీదికి కాదు, బల్ల మీదికి. సాధారణ బల్ల ఎత్తు 75 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది గనక సగం పని అదే చేస్తుంది.

వరసగా నిలబడి చేతుల మీదుగా పెట్టెలు అందించుకోవడం అందరికీ సరదా, ఫొటోకీ బాగుంటుంది. నడుముకి మాత్రం అదే చెడ్డ పని. పాదాలు కదలకుండా నడుం ఒక్కటే అటూ ఇటూ తిరుగుతుంది, అదీ వందలసార్లు. ట్రాలీ ఉంటే ట్రాలీయే వాడండి. మెట్ల దగ్గర తప్పనప్పుడు తేలిక పెట్టెలే అందించుకోవాలి, పాదాలతో సహా తిరగాలి, ఇరవై నిమిషాలకోసారి మనుషులు మారాలి.

నడుం బెల్టులు కొనిస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి బెల్టు వల్ల గాయాలు తగ్గుతాయనడానికి ఆధారం లేదని నియోష్ 1994లోనే తేల్చింది. ఆ డబ్బుతో ట్రాలీ కొనండి.

అపోహ: రెండు నిమిషాల పనికి నిచ్చెన నియమాలెందుకు? కింద ఒకరు పట్టుకుంటారుగా.

పడిపోవడానికి రెండు సెకన్లు చాలు. గోడకి ఆనించే నిచ్చెనకి కొలత 4కి 1: పైకొన 4 మీటర్ల ఎత్తులో ఆనితే, కింది కాళ్లు గోడకి 1 మీటరు దూరంలో ఉండాలి. మరీ నిటారుగా పెడితే మనిషితో సహా వెనక్కి పడుతుంది, మరీ వాలుగా పెడితే కాళ్లు జారతాయి. మేడ మీదికి దిగేందుకైతే నిచ్చెన పైకొన అంచు దాటి మీటరు పైకి ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పై మూడు మెట్ల మీద నిలబడకూడదు. కింద పట్టుకున్న మనిషి జారే నిచ్చెనని కొంతవరకే ఆపగలరు, పైకొనని తాడుతో కట్టడమే అసలు రక్ష.

పడేది ఎక్కువగా చేయి చాచినప్పుడు. బ్యానరు ఇంకో జానెడు అవతల కట్టాల్సి వస్తుంది, దిగి నిచ్చెన జరపడానికి బద్ధకిస్తారు. బొడ్డు నిచ్చెన రెండు నిలువు కడ్డీల మధ్యలోంచి పక్కకి పోకూడదని చెబితే గుర్తుంటుంది. బ్యానరు కట్టడానికి రెండు చేతులూ కావాలంటే ఆ పనికి గోడ నిచ్చెన పనికిరాదు, చుట్టూ రెయిలింగు ఉన్న ప్లాట్‌ఫాం లాంటిది కావాలి. కరెంటు తీగలకి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి, అల్యూమినియం నిచ్చెనైతే అటువైపు తీసుకెళ్లనే కూడదు. ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కే పద్ధతి గురించి రాయాల్సి రావడమే విచారకరం.

అపోహ: రెండు రకాల క్లీనర్లు కలిపితే బాగా శుభ్రమవుతుంది.

బ్లీచ్‌ని టాయిలెట్లు కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిపితే క్లోరమిన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీసేవే. కావాలని కలిపేవాళ్లు తక్కువ. ఒకరు యాసిడ్ పోసి వెళ్తే, కొత్తగా వచ్చిన ఇంకొకరు సంగతి తెలియక దాని మీదే బ్లీచ్ పోస్తారు. చిన్న కిటికీ ఉన్న గదిలో అది చాలు. ఘాటు తగిలిన వెంటనే బయటికి వచ్చేయాలి, బకెట్టు తీయడానికి మళ్లీ లోపలికి వెళ్లకూడదు. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. సంస్థ వైపు నుంచి తేలికైన పరిష్కారం ఒకటుంది: యాసిడ్ క్లీనర్‌ని అసలు కొనకండి, స్టోరులో లేనిది ఎవరూ కలపలేరు.

5 శాతం బ్లీచ్‌తో బల్లలు, గచ్చు తుడవడానికి 1 వంతు బ్లీచ్‌కి 49 వంతుల నీళ్లు, రక్తం పడ్డచోటికి 1 వంతుకి 9 వంతుల నీళ్లు. ముందు మురికి తుడిచి, తర్వాత ద్రావణం పోసి పది నిమిషాలు వదిలేయాలి. మురికి మీదే పోస్తే దాని శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. చల్లటి నీళ్లతో ఏ రోజుకారోజు కలుపుకోవాలి. తాగునీటి సీసాలో మాత్రం ఎప్పుడూ పోసి ఉంచకూడదు. సీసా మీద కాగితం అంటించినా సరే, వద్దు.

అపోహ: వాడిన సూదికి వెంటనే మూత పెట్టేయడమే జాగ్రత్త.

మూత పెట్టబోయేటప్పుడే సూది వేలికి గుచ్చుకుంటుంది. వాడిన సూదిని మూత పెట్టకుండా, వంచకుండా, సిరంజితో సహా గట్టి డబ్బాలో వేసేయాలి. ఆ డబ్బా గది మూల కాదు, సూది వేసే మనిషి చేతికి అందే దూరంలో ఉండాలి. మూడొంతులు నిండగానే మూసేసి కొత్తది పెట్టాలి. నిండా కుక్కిన డబ్బాలోకి ఇంకొక్క సూది దూర్చబోయినప్పుడు లోపలివి పైకి పొడుస్తాయి. చెత్త సంచి మోసేది ఎక్కువగా వైద్యం తెలియని వాలంటీరే గనక సంచిని ఒంటికి ఆనించకుండా, పై ముడి పట్టుకుని మోయాలని చెప్పాలి. లోపలికి అదిమి జాగా చేయకూడదు.

గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, బ్లీచ్ పోయకూడదు. సమయం రాసిపెట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. శిబిరం ఆదివారం జరిగితే ఈ మందులు ఆ రోజు ఎక్కడ దొరుకుతాయో శనివారమే కనుక్కుని ఉంచాలి.

అందరూ హెచ్‌ఐవీకే భయపడతారు. నిజానికి వైరస్ ఉన్న రక్తంతో తడిసిన సూది ఒకసారి గుచ్చుకుంటే హెచ్‌ఐవీ వచ్చే అవకాశం దాదాపు 0.3 శాతం. హెపటైటిస్-బి అయితే, టీకా వేయించుకోనివాళ్లకి 6 నుంచి 30 శాతం. దానికి టీకా ఉంది, మామూలుగా మొదటి డోసు తర్వాత నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి. అంటే పోయినవారం పేరు రాయించుకున్న వాలంటీరుని రేపటి రక్తపరీక్షల బల్ల దగ్గర పెట్టకూడదు. టోకెన్లు ఇచ్చే చోట పెట్టండి.

అపోహ: నీళ్ల డ్రమ్ము పెట్టాం, ఇక ఎండకి భయం లేదు.

దాహం వేసినప్పుడు తాగుదామంటే అప్పటికే ఆలస్యం. ఎండలో పనిచేసేవాళ్లకి పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక కప్పు, అంటే పావు లీటరుకి కాస్త తక్కువ నీళ్లు అందాలి. అలాగని గంటలో లీటరున్నరకి మించి తాగకూడదు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. డ్రమ్ము కన్నా ముఖ్యమైనది అలవాటు. ఎండ పనికి కొత్తవాళ్లని మొదటి రోజు 20 శాతం సమయమే ఎండలో ఉంచి, రోజుకి ఇంకో 20 శాతం చొప్పున పెంచాలన్నది నియోష్ చెప్పే పద్ధతి. ఏసీ గదిలోంచి వచ్చే వాలంటీరుకి ప్రతి కార్యక్రమమూ మొదటి రోజే. కాబట్టి ఆరు గంటల కార్యక్రమంలో ఆయన ఎండలో ఉండాల్సింది గంటా పది నిమిషాలు.

మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా అది వడదెబ్బ. అంబులెన్సుకి ఫోన్ చేస్తూనే ఒళ్లంతా తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

అపోహ: జనరేటర్ని వరండాలో పెడితే గాలి ఆడుతుంది.

ఆడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలుపులోంచి లోపలికి వస్తుంది. తలుపులకీ కిటికీలకీ కనీసం 6 మీటర్ల అవతల, పొగగొట్టం బయటివైపు తిప్పి పెట్టాలి. హాల్లో ఉన్న నలుగురైదుగురికి ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే ఎండ అనుకోకండి, అందర్నీ బయటికి తీసుకురండి. ఇక ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఇంకో బోర్డు గుచ్చడం, తీగని చుట్టలోనే ఉంచి వాడటం రెండూ మానాలి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల కెటిల్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. చుట్టలో ఉన్న తీగకి ఆ వేడి పోయే దారి ఉండదు.

అపోహ: కార్యక్రమం అయిపోయింది, ఇక ప్రమాదం లేదు.

వ్యాను ఇంకా ఇల్లు చేరలేదు. నిద్ర లేచి 17 గంటలు దాటిన మనిషి డ్రైవింగు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి డ్రైవింగుతో సమానంగా దిగజారుతుంది. పొద్దున అయిదింటికి లేచినవాళ్లు రాత్రి పదింటికి ఆ స్థితికి చేరతారు. సామాను మోసిన వాళ్లలోంచి డ్రైవర్ని ఎంచుకోవద్దు. తిరుగు ప్రయాణానికి వేరే మనిషిని ముందే పెట్టుకోండి.

అపోహ: మనం మంచి చేస్తున్నాం, మనల్ని ఎవరేం చేస్తారు?

ఇళ్లకి వెళ్లి కలిసే పనిలో ఎదురయ్యే మనుషులు అప్పటికే కష్టంలో, కోపంలో ఉండొచ్చు. ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఒంటరిగా వెళ్లక తప్పకపోతే చిరునామా, బయటికి రావాల్సిన సమయం ఆఫీసులో ఒకరి దగ్గర ఉండాలి. ఆ సమయం దాటి 15 నిమిషాలైతే ఆ ఒకరు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే తర్వాత ఎవరికి చెప్పాలో ముందే రాసి ఉండాలి. "నీలం ఫైలు తీసి పెట్టు" లాంటి ఒక మామూలు మాటని సాయం కావాలనే గుర్తుగా పెట్టుకుంటే, ఎదురుగా మనిషి ఉన్నా ఫోన్లో చెప్పొచ్చు. లోపల కూర్చునేటప్పుడు తలుపుకి దగ్గరగా కూర్చోవాలి.

అపోహ: దెబ్బ తగల్లేదు కదా, రాయడమెందుకు?

ఒక పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, గాయం కాని 300 ఘటనలు ఉంటాయని 1931లో అమెరికా పారిశ్రామిక భద్రతా నిపుణుడు హెన్రిచ్ వేసిన లెక్కని ఇప్పటికీ శిక్షణల్లో చూపిస్తుంటారు. ఆ నిష్పత్తి అన్ని పనులకీ వర్తించదు, దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. తప్పిన ప్రమాదాన్ని రాయాల్సిన కారణం అంతకన్నా తేలికైనది: నిన్న నిచ్చెన జారడం చూసిన వాలంటీరు రేపు రాడు. ఆయనకి తెలిసింది ఆయనతోనే పోతుంది.

ఇలాంటి ఘటనలు రాసే పుస్తకంలో "వాలంటీరు అజాగ్రత్త" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, పైగా ఇంకెవరూ చెప్పడానికి ముందుకు రారు. పేరు అక్కర్లేదు. ఏం జరిగింది, ఎక్కడ, ఏం మార్చాలి, ఎవరు ఏ తేదీలోగా మారుస్తారు అని నాలుగు గడులు చాలు. "స్టోరు నిచ్చెన ఎడమ కాలి రబ్బరు తొడుగు అరిగి గచ్చు మీద జారింది, తొడుగు వేసేదాకా నిచ్చెనకి తాళం, స్టోరు ఇన్‌చార్జి, శుక్రవారంలోగా." నాలుగో గడి ఖాళీగా ఉన్న పేజీలు ఎన్నో నెలకోసారి లెక్కపెట్టి ట్రస్టీల సమావేశంలో చదవాలి.