ఛాగోస్: ఆశ చూపించి భయపెట్టిన రోజు

హిందూ మహాసముద్రంలోని ఛాగోస్ దీవుల గొడవ మళ్లీ రాజుకుంది. దీవుల మీద హక్కు మారిషస్‌దేనని ఒప్పుకుంటూ, వాటిలోని డియెగో గార్సియా సైనిక స్థావరాన్ని మాత్రం 99 ఏళ్ల లీజుకు ఉంచుకుంటూ బ్రిటన్ 2025 మే 22న సంతకం చేసింది. దీన్ని వ్యతిరేకించేవాళ్లు స్థావరం భద్రత గురించి మాట్లాడుతున్నారు. దాంతోపాటు ఇంకో మాట కూడా అంటున్నారు: ‘1965లో మారిషస్ నాయకులే ఒప్పుకుని 30 లక్షల పౌండ్లు తీసుకున్నారు కదా!’

ఎలా ఒప్పుకున్నారన్నదే అసలు విషయం. అప్పటికి మారిషస్ బ్రిటన్ పాలనలోనే ఉంది. 1965 సెప్టెంబర్‌లో స్వాతంత్ర్య చర్చల కోసం మారిషస్ నాయకుడు శివసాగర్ రాంగూలాం లండన్ వెళ్లారు. 23న బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్‌ను కలవాలి. ఆ భేటీకి ముందు, విల్సన్ దగ్గర విదేశీ వ్యవహారాలు చూసే దౌత్యాధికారి ఆలివర్ రైట్ ఒక నోట్ పెట్టారు. రాంగూలాంను ‘ఆశతో భయపెట్టడమే’ ఉద్దేశమని అందులో రాశారు. స్వాతంత్ర్యం వస్తుందన్న ఆశ, దీవుల దగ్గర పట్టుబడితే అది రాదేమోనన్న భయం. విల్సన్ సరిగ్గా అలాగే మాట్లాడారు. స్వాతంత్ర్యంతోనైనా తిరిగి వెళ్లవచ్చు, లేకుండానైనా వెళ్లవచ్చు అన్నారు. ఆ మధ్యాహ్నానికే సూత్రప్రాయంగా ‘సరే’ వచ్చింది. తన దేశం ఇంకా ఎవరి చేతిలో ఉందో వాళ్ల ముందే కూర్చున్న మనిషి ఇంకేం అనగలడు? దీన్ని అమ్మకం అనడం అన్యాయం.

నవంబర్ 8న దీవులను మారిషస్ నుంచి విడదీశారు. మారిషస్‌ను ముక్కలు చేయవద్దని ఐక్యరాజ్యసమితి డిసెంబర్ 16న తీర్మానించినా లండన్ వినలేదు.

అర్ధశతాబ్దం తర్వాత సమితిలో మారిషస్ రాయబారి జగదీశ్ కూంజుల్ ఈ విషయాన్ని మళ్లీ దేశాల ముందు పెట్టారు. వ్యవహారాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపాలని 2017 జూన్ 22న 94 దేశాలు ఓటేశాయి. భారత్ వాటిలో ఒకటి. వ్యతిరేకించినవి 15. 2019 ఫిబ్రవరి 25న కోర్టు 1965 నాటి సమ్మతినే పరిశీలించింది. ఒక పక్షం రెండో పక్షం పాలనలో ఉన్నప్పుడు దాన్ని అంతర్జాతీయ ఒప్పందం అనలేమని చెప్పింది. దీవులను విడదీయడం చట్టబద్ధం కాదని తేల్చింది.

దీవుల్లో పుట్టి పెరిగినవాళ్లను 1965 చర్చల్లో ఎవరూ అడగలేదు. 1966లో మరో దౌత్యాధికారి డెనిస్ గ్రీన్‌హిల్ వాళ్లను ‘కొద్దిమంది టార్జాన్లు’ అని రాశారు. 1968-73 మధ్య అందరినీ ఖాళీ చేయించారు. 2025 ఒప్పందం కూడా రెండు ప్రభుత్వాల మధ్యే జరిగింది. మమ్మల్ని అడగలేదని ఆ దీవులవాళ్లలో చాలామంది అంటున్నారు. అది నిజం.