డీఈఐపై వ్యతిరేకత: వర్జీనియా గడ్డపై డెబ్బై ఏళ్ల నేపథ్యం

అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 జనవరి 21న జారీ చేసిన కార్యనిర్వాహక ఉత్తర్వు, 1965లో లిండన్ జాన్సన్ తెచ్చిన 11246 నంబరు ఉత్తర్వును రద్దు చేసింది. ఫెడరల్ కాంట్రాక్టులు పొందే సంస్థలు జాతి వివక్ష పాటించకూడదని, ఇంతకాలం బయటే ఉండిపోయిన వర్గాలకు ఉద్యోగాల్లో అవకాశం దక్కేలా చొరవ తీసుకోవాలని ఆ పాత ఉత్తర్వు నిర్దేశించింది. రిపబ్లికన్లు గెలిచినా డెమొక్రాట్లు గెలిచినా అది దాదాపు అరవై ఏళ్లు అమల్లో ఉంది. దాన్ని ఒక్క సంతకంతో తీసేయడం, వైవిధ్యం, సమత, సమ్మిళితం పేరిట నడుస్తున్న డీఈఐ కార్యక్రమాలపై ఒక నాయకుడు ప్రకటించిన యుద్ధంలా మన పత్రికల్లో కనిపించింది. నిజానికి ఈ తగాదా శ్వేతసౌధంలో పుట్టలేదు. కౌంటీ బోర్డుల్లో, నగర మండళ్లలో, స్కూల్ బోర్డుల సాయంకాలపు సమావేశాల్లో పుట్టి పెరిగి, చివరకు అక్కడికి చేరింది. దాని మూలాలు వెతకడానికి వర్జీనియాను మించిన రాష్ట్రం లేదు.

వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో నల్లజాతి పిల్లల కోసం మోటన్ హైస్కూలు ఉండేది. 180 మంది కోసం కట్టిన ఆ బడిలో 1950 నాటికి 400 మందికి పైగా చదివేవారు. కొత్త భవనం కట్టించడానికి బదులు కౌంటీ అధికారులు ఆవరణలో తారు కాగితం కప్పిన షెడ్లు వేయించారు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల విద్యార్థిని ముందుండి బడి బహిష్కరణ నడిపించింది. ఆ సమ్మెలోంచి పుట్టిన దావా, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తేల్చిన బ్రౌన్ కేసులో కలిసిన ఐదు దావాల్లో ఒకటి. తీర్పును అమలు చేయక తప్పని రోజు వచ్చినప్పుడు కౌంటీ పాలకులు 1959లో ప్రభుత్వ బడులన్నింటికీ తాళాలు వేశారు. శ్వేతజాతి పిల్లల కోసం ప్రైవేటు అకాడమీ వెలిసింది, ఫీజులకు ప్రభుత్వ సొమ్మే అండగా నిలిచింది. నల్లజాతి పిల్లల్లో చాలామందికి ఐదేళ్ల చదువు పోయింది. 1964లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాకే తాళాలు తెరుచుకున్నాయి. పోయిన ఆ ఐదేళ్లను ఎవరు, ఎలా పూడ్చాలి అన్నదే ఆ తరువాతి వివాదాలన్నింటికీ మూలప్రశ్న.

ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే దారులను కోర్టులు ఒక్కొక్కటిగా మూసేశాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిస్ వైద్య కళాశాల 100 సీట్లలో 16 మైనారిటీలకు కేటాయించడాన్ని 1978లో బకీ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. సమాజం చేసిన పాత అన్యాయానికి పరిహారంగా సీట్లు ఇవ్వడం కుదరదని, తరగతి గదిలో రకరకాల నేపథ్యాలవారు ఉంటే అందరి చదువూ మెరుగవుతుంది కనుక జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడవచ్చని జస్టిస్ లూయిస్ పావెల్ రాశారు. ఆయనా వర్జీనియా వారే. బ్రౌన్ తీర్పు వచ్చిన రోజుల్లో రిచ్‌మండ్ నగర స్కూల్ బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నారు. బాధితుడికి న్యాయం చేయడానికి కాక, అందరికీ మేలు జరగడానికి అన్న ప్రాతిపదిక మీద ఆ రోజు నుంచి ఈ కార్యక్రమాలు నిలబడవలసి వచ్చింది. ఆ పునాదిలోని బలహీనత బయటపడటానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇక్కడ మన అనుభవంతో పోల్చి చూడటం అవసరం. అప్పటికి ఆంధ్ర ప్రాంతం కూడా భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో కళాశాల సీట్లను కులాలవారీగా పంచిన కమ్యూనల్ జీవోను 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మన సుప్రీంకోర్టు కొట్టివేస్తే, కొద్ది నెలల్లోనే మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) అధికరణ వచ్చింది. వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చన్న మాట రాజ్యాంగంలోకే ఎక్కింది. అమెరికా రాజ్యాంగంలో అలాంటి వాక్యం ఎన్నడూ చేరలేదు. అక్కడి రిజర్వేషన్ల కథ రిజర్వేషన్లు లేకుండానే సాగిందని గుర్తుంచుకోకపోతే, డీఈఐని మన కోటాలతో సమానం చేసి చూసే పొరపాటు జరుగుతుంది.

స్థానిక ప్రభుత్వాల విషయంలో తలుపు మూసిన తీర్పు రిచ్‌మండ్ నగరానిదే. అంతర్యుద్ధ కాలంలో బానిసత్వాన్ని సమర్థించిన రాష్ట్రాలకు రాజధానిగా ఉన్న ఆ ఊళ్లో 1980ల నాటికి సగం జనాభా నల్లజాతీయులే. నగర ప్రధాన నిర్మాణ కాంట్రాక్టుల్లో మాత్రం మైనారిటీ సంస్థలకు దక్కింది 0.67 శాతం. నల్లజాతీయులు మెజారిటీగా ఉన్న నగర మండలి 1983లో, పని దక్కించుకున్న కాంట్రాక్టరు అందులో కనీసం 30 శాతం విలువను మైనారిటీ సంస్థలకు సబ్‌ కాంట్రాక్టుగా ఇవ్వాలని నిబంధన పెట్టింది. నగర జైల్లో మరుగుదొడ్ల సామగ్రి బిగించే పనికి టెండరు వేసిన క్రోసన్ కంపెనీ ఆ షరతు మీద కోర్టుకెక్కింది. ఇంత చిన్న పనిమీద మొదలైన దావాలో 1989లో వెలువడిన తీర్పు దేశంలోని నగరాలన్నింటినీ తాకింది. సమాజంలో వివక్ష ఉందని చెబితే చాలదని, ఈ నగరంలో, ఈ రంగంలో, ఫలానా విధంగా వివక్ష జరిగిందని నిరూపించాలని జస్టిస్ శాండ్రా డే ఒకానర్ తేల్చారు. ఒకనాటి వేర్పాటువాద రాజధాని తన తప్పును తానే దిద్దుకోబోతే కోర్టు అడ్డుపడటం ఏమిటని జస్టిస్ థర్గుడ్ మార్షల్ తన అసమ్మతి తీర్పులో ఆవేదన వ్యక్తం చేశారు. నా దృష్టిలో న్యాయం మార్షల్ వైపే ఉంది. వివక్షకు గురైనవారి చేతికి అధికారం వచ్చిన తొలి రోజుల్లోనే దాన్ని వాడుకునే వీలు లేకుండా పోయింది.

ఆ తరువాత కాలిఫోర్నియా 1996లో, వాషింగ్టన్ రాష్ట్రం 1998లో, మిషిగన్ 2006లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ప్రభుత్వ ఉద్యోగాల్లో, విద్యలో, కాంట్రాక్టుల్లో జాతి ఆధారిత ప్రాధాన్యాన్ని నిషేధించాయి. 2007లో సియాటిల్, లూయీవిల్ స్కూల్ బోర్డులు బడుల్లో జాతి సమతూకం కోసం పిల్లలను కేటాయించే పద్ధతిని సుప్రీంకోర్టు 5–4 తేడాతో కొట్టివేసింది. నిర్ణాయకమైన ఐదో ఓటు వేసిన జస్టిస్ ఆంథొనీ కెనడీ మాత్రం ఒక సందు వదిలారు. పిల్లవాడి జాతిని చూసి సీటు ఇవ్వకుండా, కొత్త బడి ఎక్కడ కట్టాలి, హద్దులు ఎలా గీయాలి వంటి సాధారణ నిర్ణయాల ద్వారా బోర్డులు వైవిధ్యం కోసం ప్రయత్నించవచ్చని ఆయన రాశారు.

సీట్లు పంచే దారి, కాంట్రాక్టులు పంచే దారి ఇలా మూసుకుపోయాక స్థానిక సంస్థలకు మిగిలినవి ఉద్యోగుల శిక్షణ తరగతులు, సమత కార్యాలయాలు, నివేదికలు, తీర్మానాలు. వీటితో ఎవరి చేతి నుంచీ ఏమీ పోదు, ఎవరికీ పెద్దగా ఏమీ దక్కదు. పైగా వీటి ఫలితాన్ని కొలవడం కష్టం. సమత అన్న మాటను అధికారులు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా వివరించేవారు. ఈ కార్యక్రమాల మీద ఇంత ఆగ్రహం రావడానికి అవి బలమైనవి కావడం కారణం కాదు, బలమైన సాధనాలన్నీ పోయాక మిగిలిన అస్పష్టమైన సాధనాలు కావడమే కారణమని నేను నమ్ముతున్నాను.

జార్జ్ ఫ్లాయిడ్‌ను 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు అధికారి చంపాక ఈ శిక్షణలు, తీర్మానాలు కొద్ది నెలల్లోనే దేశమంతా విస్తరించాయి. వ్యతిరేకత కూడా అదే వేసవిలో రూపం దాల్చింది. జాతి, సామాజిక న్యాయం పేరిట 2000ల మధ్య నుంచే కార్యక్రమం నడుపుతున్న సియాటిల్ నగరంలో, తెల్ల ఉద్యోగులను విడిగా కూర్చోబెట్టి వారిలో పాతుకున్న ఆధిక్యభావం గురించి చెప్పిన శిక్షణా పత్రాలను క్రిస్టఫర్ రూఫో అనే కార్యకర్త బయటపెట్టారు. సెప్టెంబరు మొదట్లో ఆయన ఫాక్స్ న్యూస్‌లో మాట్లాడారు. అదే నెల 22న ఫెడరల్ శిక్షణల్లో, ఒక జాతివారు పుట్టుకతోనే వివక్ష చూపేవారనడం వంటి ‘విభజన భావనల’ను నిషేధిస్తూ ట్రంప్ ఉత్తర్వు వచ్చింది. వర్గాలవారీగా జనాన్ని వేరుచేసి తప్పు ఒప్పించే శిక్షణలో లోపం ఉందనడం సబబే. అయితే జనానికి నచ్చని సాంస్కృతిక విషయాలన్నింటినీ చట్టాల్లో, వ్యవస్థల్లో జాతివివక్ష ఎలా పాతుకుందో పరిశీలించే ‘క్రిటికల్ రేస్ థియరీ’ అనే ఒక్క పేరు కిందకు చేర్చడమే తమ లక్ష్యమని 2021 మార్చిలో రూఫో బాహాటంగానే ప్రకటించారు. ఆ రెండింటినీ వేరుగా చూడాలి.

మళ్లీ వర్జీనియాకు వస్తే, వాషింగ్టన్ నగరానికి పశ్చిమాన ఉన్న లౌడన్ కౌంటీ 2021 నాటికి ఈ పోరాటానికి జాతీయ వేదికగా మారింది. ఆష్‌బర్న్, ఆల్డీ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన కౌంటీ ఇదే. బడుల్లో వేర్పాటు పూర్తిగా తొలగడానికి ఇక్కడ 1960ల చివరి దాకా పట్టింది. 2019 ఫిబ్రవరిలో ఒక ప్రాథమిక బడి వ్యాయామ తరగతిలో, పారిపోయే బానిసల ప్రయాణాన్ని పిల్లల చేత అడ్డంకుల ఆటగా ఆడించారు. దానిపై వచ్చిన నిరసన తరువాత కౌంటీ ఒక సలహా సంస్థతో అధ్యయనం చేయించి, 2020లో వ్యవస్థాగత జాతివివక్షపై కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి, వేర్పాటు కాలానికి నల్లజాతి సమాజానికి క్షమాపణ చెప్పింది. మహమ్మారి వల్ల బడులు మూతపడి, పిల్లల పాఠాలు ఇంట్లో తెరల మీద తల్లిదండ్రుల కంట పడుతున్న రోజులవి. 2021 జూన్ 22న జరిగిన బోర్డు సమావేశంలో ఈ ప్రణాళికకు తోడు లింగ గుర్తింపు విధానం కూడా వివాదమై, గొడవ ముదరడంతో సభను చట్టవిరుద్ధ సమావేశంగా ప్రకటించి పోలీసులు హాలు ఖాళీ చేయించారు. ఆ నవంబరులో గవర్నరుగా గెలిచిన గ్లెన్ యంగ్‌కిన్ 2022 జనవరి 15న పదవి చేపట్టగానే సంతకం చేసిన మొదటి ఉత్తర్వు బడుల్లో ‘విభజన భావనల’పైనే.

మిగతా రాష్ట్రాల్లో ఇది ఇంకా వేగంగా నడిచింది. మిషిగన్‌లోని ఒట్టావా కౌంటీలో 11 మంది కమిషనర్లలో ఎనిమిది మంది కొత్తవారిగా గెలిచి, 2023 జనవరి 3న తొలి సమావేశంలోనే వైవిధ్య కార్యాలయాన్ని మూసేసి, కౌంటీ నినాదాన్ని కూడా మార్చేశారు. టెక్సాస్ విశ్వవిద్యాలయాలకు 2023లోనూ, బడులకు 2025లోనూ నిషేధ చట్టాలు తెచ్చింది. యూటా 2024లో బడులతో పాటు ప్రభుత్వ కార్యాలయాలను కూడా కలిపింది.

మన పాఠకులను నేరుగా తాకిన వివాదం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని థామస్ జెఫర్సన్ హైస్కూలుది. టీజే అని అందరూ పిలిచే ఈ విజ్ఞాన, సాంకేతిక ప్రభుత్వ బడి దేశంలోని అత్యుత్తమ పాఠశాలల్లో ఒకటి. ప్రవేశ పరీక్ష ద్వారా 2020లో ఎంపికైన విద్యార్థుల్లో 73 శాతం ఆసియా మూలాల పిల్లలు, నల్లజాతి విద్యార్థులు పదిమంది కూడా లేరు, పేద కుటుంబాల పిల్లలు 0.6 శాతం. ఆ ఏడాది చివర్లో స్కూల్ బోర్డు పరీక్షనూ, 100 డాలర్ల దరఖాస్తు రుసుమునూ తీసేసి, ప్రతి మిడిల్ స్కూలు నుంచి అగ్రశ్రేణిలోని 1.5 శాతం మందికి చోటు ఖాయం చేసింది. మిగతా సీట్లకు మార్కులు, వ్యాసాలతో పాటు పేదరికం, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటూ ఉండటం వంటివి లెక్కలోకి తీసుకున్నారు. ఎంపిక చేసేవారికి పిల్లల పేరు గానీ జాతి గానీ తెలియదు. కెనడీ చూపిన సందు ఇదే.

మరుసటి ఏడాది ఆసియా పిల్లల వాటా 54 శాతానికి తగ్గింది. ఎక్కువమంది ఆసియా, భారతీయ తల్లిదండ్రులతో ఏర్పడిన కొయలిషన్ ఫర్ టీజే కోర్టుకు వెళ్లింది. వారి బాధ కల్పితం కాదు. పరీక్షకు తయారవడాన్ని ఆటగాళ్లు వాడే ఉత్ప్రేరక మందులతో పోల్చి నాటి రాష్ట్ర విద్యా కార్యదర్శి మాట్లాడారు. రాత్రింబవళ్లు చదివించడమే ప్రేమకు రుజువుగా పెరిగిన తెలుగు ఇళ్లలో ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో చెప్పనక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో జిల్లా జడ్జి క్లాడ్ హిల్టన్ తల్లిదండ్రుల వైపు తీర్పిచ్చారు. 2023 మేలో అప్పీలు కోర్టు దాన్ని 2–1 తేడాతో కొట్టివేసింది. దరఖాస్తుదారుల్లో తమ వాటా కంటే ఎంపికలో ఆసియా పిల్లల వాటా ఇప్పటికీ ఎక్కువేనని ఆ కోర్టు చూపింది. అదే తీర్పులోని మరో అంకె గురించి మన సమాజంలో చర్చ జరగాలి. పాత పద్ధతిలో 2020లో ఎంపికైన పేద ఆసియా పిల్లలు ఒక్కరు, కొత్త పద్ధతిలో 51 మంది. ఆసియా పిల్లల సీట్లు పోయాయన్న మాటలో ఈ 51 మంది కూడా ఆసియా పిల్లలే అన్న సంగతి కలవలేదు.

విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని లెక్కించరాదని 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టు, టీజే కేసును వినడానికి 2024 ఫిబ్రవరిలో నిరాకరించింది. జస్టిస్ అలిటో, జస్టిస్ థామస్ విభేదించారు. బోస్టన్‌లో పరీక్షతో పిల్లలను చేర్చుకునే ప్రభుత్వ పాఠశాలల ప్రవేశాలపై వచ్చిన ఇలాంటి కేసునూ అదే ఏడాది డిసెంబరులో పక్కన పెట్టింది. జాతిని చూడకుండానే జాతి వైవిధ్యం కోరే విధానం చెల్లుతుందా అన్నది అలా తేలకుండా ఉండిపోయింది.

ఆ ఖాళీలోకే ట్రంప్ రెండో ప్రభుత్వం వచ్చింది. జాతుల సమతూకం కోసం ప్రవేశ పరీక్షను ఎత్తేయడం కూడా చట్టవిరుద్ధమేనని 2025 ఫిబ్రవరి 14న విద్యాశాఖ విద్యాసంస్థలన్నింటికీ లేఖ రాసింది. చట్టవిరుద్ధమైన డీఈఐ పద్ధతులు పాటించడం లేదని ధ్రువీకరించకపోతే నిధులు ఆగుతాయని ఏప్రిల్‌లో రాష్ట్రాలను హెచ్చరించింది. అదే నెల మూడు ఫెడరల్ కోర్టులు దానికి అడ్డుకట్ట వేశాయి. మేరీల్యాండ్‌లో ట్రంప్ నియమించిన జడ్జి స్టెఫనీ గాలగర్, విధివిధానాలు పాటించలేదన్న కారణంతో ఆగస్టు 14న ఆ లేఖనే కొట్టివేశారు. ఈలోగా మే 22న, నాటి వర్జీనియా అటార్నీ జనరల్ పంపిన సిఫారసుపై, టీజే ప్రవేశాల మీద విద్యాశాఖ పౌరహక్కుల చట్టం కింద విచారణ ప్రారంభించింది. ముఖ్యంగా నల్లజాతీయులపై వివక్షను ఆపడానికి 1964లో తెచ్చిన ఆ చట్టమే ఇప్పుడు ఈ బోర్డుపై ప్రయోగానికి వచ్చింది.